చచ్చిన రైడర్‌ని బతికించేదెవరు?

మా హాస్టల్ మూడో అంతస్తులో రాత్రి పదకొండు దాటాక కూడా గోల వినిపిస్తోందంటే రెండే కారణాలు. పొద్దున ఇంటర్నల్ ఎగ్జామ్ అయినా ఉండాలి, లేదా తెలుగు టైటాన్స్ వచ్చే వేలంలో ఏ రైడర్‌ని కొనాలన్న గొడవైనా నడుస్తుండాలి. మొదటిది సెమిస్టర్‌కి రెండుసార్లు వస్తుంది. రెండోది రోజూ ఉంటుంది.

ఆ గొడవలో అందరికన్నా ఎక్కువ అరిచేవాణ్ణి నేనే. సీఎస్ఈ సెకండియర్ కాబట్టి నోటితో పాటు నా దగ్గర ఎక్సెల్ షీట్ కూడా ఉంది. ప్రో కబడ్డీలో ఏ రైడర్ ఏ సీజన్లో ఎన్ని పాయింట్లు తెచ్చాడో అన్నీ ఎక్కించా. రైడ్ పాయింట్ల కాలమ్ మీద సార్ట్ కొడితే పైన ఎవడొస్తే వాడే మాకు కావాలి. అక్కడితో చర్చ అయిపోవాలి. అవతలోడు ఇంకా మాట్లాడుతున్నాడంటే వాడికి డేటా అర్థం కాలేదన్నమాట. రెండేళ్లుగా నా వాదన ఇదే.

ఆ షీటు తప్పని ఒప్పుకోవడానికి ఇది రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు తప్పితే క్లబ్ వాళ్లు దిద్దుతారన్న ధైర్యం ఉంది. నా లెక్క తప్పితే మాత్రం మీరే దిద్దాలి.

ముందు నా మాట చెప్పేస్తా. టైటాన్స్ వేలంలో మొదట మంచి కార్నర్లని కొనాలి. తర్వాత నమ్మకమైన రెండో రైడర్‌ని. మిగిలిన డబ్బుతోనే స్టార్ రైడర్ జోలికి పోవాలి. మనం అరిచేది సరిగ్గా దీనికి తిరగేసి.

ఈ బుద్ధి నాకు హాస్టల్లో రాలేదు, కళ్లంలో వచ్చింది. మాది మార్టూరు. హైవే పక్కన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, వాటిని దాటి లోపలికెళ్తే పత్తి, మిరప. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న మిరపకాయలు ఎండబోసిన కళ్లం దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను ఫోన్లో షీట్ తీసి చూపించా. నాన్న కుర్రతనంలో పండగ పోటీల్లో చెడుగుడు ఆడాడు. కార్నర్. కుడి మోకాలు ఇప్పటికీ చలికాలంలో నొప్పి పెడుతుంది.

"వీణ్ణి కొంటే చాలు నాన్నా, మ్యాచ్‌కి పది పాయింట్లు గ్యారంటీ" అన్నా.

నాన్న కళ్లద్దాలు పైకి జరిపి ఆ పేరు చూశాడు. "బాగానే ఆడతాడు. మరి వాడు చస్తే బతికించేదెవుర్రా?"

"అదేంది?"

"కూతకెళ్లి దొరికిపోయాడనుకో. బయట కూర్చుంటాడు గదా. మళ్లీ లోపలికి ఎట్టా వస్తాడు? ఎవుడో ఒకడు అవతలోణ్ణి పట్టాలి గదా. ఆ పట్టేవోడి పేరేదిరా నీ కాగితంలో?"

నా కాగితంలో వాడి పేరు లేదు. నేను డిఫెండర్లని అసలు ఎక్కించలేదు.

మా ఊళ్లో ఔటైతే "చచ్చాడు" అంటారు, తిరిగి లోపలికొస్తే "బతికాడు" అంటారు. టీవీలో దాన్నే రివైవల్ అంటున్నారు. రూల్ అందరికీ తెలిసిందే, కానీ దాని సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. మన రైడర్ ఔటైతే బెంచీ మీద కూర్చోవాలి. మనవాళ్లు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేస్తే, ముందు ఔటైనవాడు ముందు అన్న లెక్కన ఒకడు లేస్తాడు. బోనస్ పాయింట్‌కి ఎవరూ లేవరు. అంటే మన స్టార్ లోపలికి రావాలంటే దారులు రెండే. ఇంకో రైడర్ వెళ్లి ఒకణ్ణి తాకి రావాలి, లేదంటే మన డిఫెన్స్ అవతలి రైడర్‌ని పట్టాలి. ఇవేవీ కుదరకపోతే ఆలౌట్ అయ్యేదాకా అక్కడే. అప్పుడు ఏడుగురూ కలిసే లేస్తారు, అవతలివాళ్లకి రెండు పాయింట్లు అదనంగా ఇచ్చి.

చిన్న లెక్క వేద్దాం. మ్యాచ్ 40 నిమిషాలు, ఒక్కో రైడ్‌కి 30 సెకన్లు. అంటే నిమిషానికి మనకో రైడ్, వాళ్లకో రైడ్. మొత్తం మీద మనకి దాదాపు 40 రైడ్లు. మన స్టార్ నాలుగుసార్లు ఔటయ్యాడనుకుందాం. డిఫెన్స్ బాగుండి నిమిషానికే లేపితే పోయేది నాలుగు రైడ్లు. డిఫెన్స్ బాగాలేక ప్రతిసారీ మూడు నిమిషాలు పడితే పన్నెండు. అదే మనిషి, అదే కాళ్లు, అదే రేటు. పక్కనున్నవాళ్లని బట్టి అతని చేతికి 36 రైడ్లయినా దక్కుతాయి, 28 అయినా దక్కుతాయి. నా షీట్లో అతని పాయింట్లు అతని గొప్పతనంగా కనపడుతున్నాయి. అందులో కొంత అతన్ని లేపినవాళ్లది.

ఇప్పుడు మన జట్టు కథే చూడండి. తెలుగు టైటాన్స్ అంటే మొదట్నుంచీ రైడర్ల జట్టే. తొలి సీజన్ల నుంచి రాహుల్ చౌదరి. 2019లో సీజన్ 7 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకి పాడారు, ఆ వేలంలో అదే అత్యధికం. సిద్ధార్థ్ 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు పన్నెండింట్లో పదకొండో స్థానం. సీజన్ 8లో 22 మ్యాచులకి ఒక్కటంటే ఒక్కటి గెలిచాం. సీజన్ 9లో రెండు.

2023లో సీజన్ 10 వేలం. జట్టు మొత్తానికి పర్సు 5 కోట్లు. అందులో 2.605 కోట్లు పవన్ సెహ్రావత్ ఒక్కడికే పోశారు. లీగ్ చరిత్రలోనే అంతకుముందు ఎవరికీ అంత రేటు పలకలేదు. ఆ రాత్రి నేను ఇంట్లో కేకలేశా, ఇంటర్‌లో ఉన్నా అప్పుడు. సగానికి పైగా డబ్బు ఒక్కడి మీద పెడితే మిగతావాళ్లని దేంతో కొంటారన్న ఆలోచనే రాలేదు. పవన్ తన పని తాను చేశాడు, అతను కూడా 200 దాటించాడు. టైటాన్స్ 22లో రెండు గెలిచి అట్టడుగున మిగిలారు.

అదే వేలంలో పుణేరి పల్టన్ కూడా పెద్ద రేటు పెట్టింది. ఇరాన్ కుర్రాడు మొహమ్మద్‌రెజా షాద్లూయి, 2.35 కోట్లు. అతను లెఫ్ట్ కార్నర్. ఫైనల్ మన హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది, 2024 మార్చి 1న. పుణే 28-25తో హరియాణా స్టీలర్స్‌ని ఓడించి కప్పు ఎత్తింది. మరుసటి ఏడాది షాద్లూయిని హరియాణా 2.07 కోట్లకి తీసుకుంది. సీజన్ 11 కప్పు హరియాణాది.

"అయితే షాద్లూయి లాంటోణ్ణి ఒకణ్ణి కొంటే సరి" అంటాడు మా రూమ్మేట్. ఇదీ అదే జబ్బు. సీజన్ 12లో గుజరాత్ జెయింట్స్ 2.23 కోట్లు పెట్టి అతన్ని కొంది. ప్లేఆఫ్స్ కూడా చేరలేదు. కార్నర్ ఒక్కడే పట్టలేడు. కార్నర్ కాలు దొరకబుచ్చుకుంటే కవర్ వచ్చి నడుం మీద పడాలి, ఇంకొకడు గీత వైపు దారి మూయాలి. నలుగురు పడితేగానీ పట్టు నిలవదు. పాయింటు మాత్రం ఒకరి పేరు మీదే రాస్తారు. కాబట్టి స్టార్ రైడర్ బదులు స్టార్ డిఫెండర్ అని నేననడం లేదు. ఒక్కడి మీదే అంత పోయొద్దు అంటున్నా.

రూమ్మేట్ దగ్గర ఇంకో పెద్ద ఆయుధం ఉంది. ప్రదీప్ నర్వాల్. సీజన్ 5లో 369 రైడ్ పాయింట్లు, పట్నా పైరేట్స్‌కి వరసగా మూడు కప్పులు. "ఒక్కడు చాలదంటావేంట్రా, చూడు" అంటాడు. నిజమే, చూశా. ఆ తర్వాతిది కూడా చూశా. సీజన్ 7లో అదే ప్రదీప్ మళ్లీ 300 దాటాడు, అదే పట్నా ప్లేఆఫ్స్‌కి రాలేదు. 2021 వేలంలో యూపీ యోధా అతన్ని 1.65 కోట్లకి తీసుకెళ్లింది. ప్రదీప్ లేని పట్నా డిఫెన్స్‌ని నమ్ముకుని సీజన్ 8 ఫైనల్‌కి వెళ్లింది, సెమీస్‌లో ప్రదీప్ ఉన్న యూపీనే ఓడించి. ఫైనల్లో దబంగ్ ఢిల్లీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది. ఆ డిఫెన్స్‌లో లెఫ్ట్ కార్నర్ ఎవరనుకున్నారు? అప్పుడే వెలుగులోకొచ్చిన షాద్లూయి.

మన దగ్గరికి మళ్లీ వద్దాం. సీజన్ 11కి క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. పవన్ మధ్యలో గాయంతో కొన్ని మ్యాచులు కూర్చున్నాడు. జట్టు కూలిపోతుందనుకున్నాం. విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ పంచుకుని లాక్కొచ్చారు. 22లో 12 గెలిచి ఏడో స్థానం, ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పింది. సీజన్ 12లో పవన్ అసలే లేడు. భరత్‌ని 81 లక్షలకి, విజయ్ మాలిక్‌ని 51.5 లక్షలకి తీసుకున్నారు. ఇద్దరికీ కలిపి పెట్టింది, 2023లో పవన్ ఒక్కడికి పెట్టినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఆ జట్టే క్వాలిఫయర్ 2 దాకా వెళ్లి పుణే చేతిలో ఓడింది. ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరం. ఒకడు ఔటైతే ఇంకొకడు లేపాడు, అంతే. ఇది పవన్‌ని తక్కువ చేయడం కాదు. అతన్ని లేపేవాళ్లని కొనకుండా అతన్ని కొన్నాం, తప్పు అక్కడుంది.

ఇంతవరకూ టైటాన్స్ యాజమాన్యాన్ని తిట్టినట్టుంది కదా. కానీ అదే తప్పు నేను కూడా చేశా. మీలో చాలామంది చూశారు కూడా.

పోయిన సెమిస్టర్ హాస్టల్ లీగ్‌లో నేనొక కెప్టెన్ని. ఒక్కో కెప్టెన్‌కి వంద పాయింట్ల పర్సు. ఫైనలియర్‌లో బాగా కూతకెళ్లే అన్న ఒకాయన ఉన్నాడు, ఆయన మీద 58 పాడా. కామన్ రూమ్ అంతా విజిల్స్. వేలానికి ముందురోజు రాత్రి నా ల్యాబ్ పార్ట్‌నర్ నా రూమ్‌కి వచ్చాడు. అద్దంకి వైపు వాడు. స్కూల్ జట్టులో కార్నర్ ఆడాడు. తలుపు దగ్గరే నిలబడి, "నన్ను తీస్కోరా, కార్నర్‌లో ఉంటా" అన్నాడు. "చూద్దాంలే" అన్నా. నా దగ్గర షీట్ ఉంది కదా, అందులో వాడు లేడు.

వాడి పేరు పిలిచినప్పుడు కామన్ రూమ్‌లో ఎవరూ చెయ్యెత్తలేదు. వాడు గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. నేను కూడా ఫోన్లోకే చూశా. రెండో రౌండ్‌లో ఎవరో బేస్ రేటుకి, రెండు పాయింట్లకి తీసుకున్నారు. సెమీస్‌లో వాళ్లతోనే మాకు పడింది. మా 58 పాయింట్ల అన్నని వాడు మూడుసార్లు పట్టాడు. మూడోసారి అన్న బయట కూర్చున్నాక ఆయన్ని లేపే మనిషి మా వైపు ఒక్కడూ లేడు. మిగిలిన 42తో ఆరుగుర్ని కొన్నా కదా, వాళ్ల పేర్లు వేలం రోజు కూడా నేను సరిగ్గా వినలేదు. ఓడిపోయాం. మ్యాచ్ అయ్యాక వాడు వచ్చి చెయ్యి కలిపి వెళ్లాడు, ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

షీట్లో లేనివాడు ఆటలో లేడనుకోవడం మా బ్రాంచ్ వాళ్లకి బాగా అలవాటు. లెక్కపెట్టడానికి వీలైనదాన్నే లెక్కపెట్టి, అదే మొత్తం అనుకుంటాం. గ్రూప్ ప్రాజెక్టుల్లో కూడా డెమో ఇచ్చినవాడే గుర్తుంటాడు, రాత్రంతా కూర్చుని బగ్ పట్టుకున్నవాడు గుర్తుండడు. ఆ పట్టిన మనిషిని కూడా టైటాన్స్ డిఫెండర్లలాగే మర్చిపోతాం.

కాబట్టి ఈసారి వేలం గొడవలో నా ఓటు ఇలా. ఒకటి, ఏ రైడర్‌కైనా పర్సులో మూడో వంతు దాటి పాడొద్దు, పోతే పోనీ. రెండు, లెఫ్ట్ కార్నర్, రైట్ కార్నర్ కుదిరాకే పెద్ద రైడర్ పేరెత్తాలి. మూడు, రెండో రైడర్‌ని చూసేటప్పుడు అతను ఎన్ని పాయింట్లు తెచ్చాడని కాదు, మొదటివాడు బయట ఉన్నప్పుడు ఎన్ని తెచ్చాడని చూడాలి. ఆ కాలమ్ ఇప్పుడు నా షీట్లో పెడుతున్నా. పాత మ్యాచులు చూసి చేత్తో ఎక్కించాల్సి వస్తోంది, ఒక్క మ్యాచ్‌కి గంట పడుతోంది. ఓపికున్నవాళ్లు మూడో అంతస్తుకి రండి, పని పంచుకుందాం.

సంక్రాంతి నుంచి తిరిగొచ్చే ముందు నాన్నని అడిగా, పండగ పోటీల్లో నువ్వు ఎన్ని పట్లు పట్టావు అని. "ఎవుడు లెక్కపెట్టాడురా" అన్నాడు. తమ జట్టులో కూతకెళ్లే ఆయన పేరు మాత్రం ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఎన్నిసార్లు చచ్చాడో, ఎన్నిసార్లు బతికాడో నాన్నకి గుర్తుంది. నేను బస్సెక్కేదాకా అవే చెప్పాడు.

కొత్త లీగ్ వేలం వచ్చే నెల. నా ల్యాబ్ పార్ట్‌నర్‌కి నిన్న రాత్రి వాళ్ల రూమ్‌కే వెళ్లి చెప్పా, మొదటి పేరు నీదే పాడతానని. "ఎంత దాకా పాడతావ్?" అన్నాడు. ఇరవై అన్నా. నవ్వి, "పదిహేను చాల్లే, మిగతాది కవర్స్‌కి ఉంచు" అన్నాడు.