ముంపు గీత ఊళ్ళో కనబడాలి

శబరి గోదావరిలో కలిసే కూనవరం నుంచి పాపికొండల వరకు నది వెంట ఉన్న పల్లెలను సర్వే ఆఫ్ ఇండియా వారు ఏనాడో మ్యాపులకెక్కించారు. మైలుకు అంగుళం లెక్కన గీసిన పాత మ్యాపులవి. నీటికి నీలం, అడవికి ఆకుపచ్చ, ఎత్తుపల్లాలకు గోధుమరంగు గీతలు. ఒక గీత మీది చోట్లన్నీ సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్నట్టు లెక్క. వీటినే కాంటూరు గీతలంటారు.

ఈ గీతలతో రైతుకేం పని అనుకోరాదు. పోలవరం జలాశయంలో ఎవరి ఊరు ముందు ఖాళీ చేయాలో, ఎవరికి పరిహారం ముందు అందాలో తేల్చేది కాంటూరు లెక్కే. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. తొలి దశ మట్టం 41.15 మీటర్లు, అంటే 135 అడుగులు.

పాత మ్యాపుల్లో గీతకూ గీతకూ మధ్య సాధారణంగా 50 అడుగుల ఎత్తు తేడా ఉంటుంది. 150 అడుగుల గీత దొరుకుతుంది గాని 135 అడుగుల గీత దొరకదు. తేడా 15 అడుగులే కదా అనవచ్చు. నూరడుగులకు ఒక అడుగు చొప్పున లేచే నేలలో అది 1,500 అడుగుల దూరం. మ్యాపులో పావు అంగుళం పైచిలుకు. కోయల, కొండరెడ్ల ఇళ్ళూ పొలాలూ ఆ పావు అంగుళంలో ఇమిడిపోతాయి.

పైగా కాంటూరు నిలిచిన నీటి లెక్క. వరద పారే నీరు. ఎగువకు పోయేకొద్దీ దాని మట్టం పెరుగుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి అక్కడి స్కేలు మీద 71.3 అడుగులకు చేరినప్పుడు, తొలి దశ గీతకు బయట ఉన్నాయన్న ఊళ్ళలోకీ నీరు వచ్చింది. 1986 ఆగస్టులో అదే స్కేలు 75.6 అడుగులు చూపింది.

కనుక అధికారులు 135, 150 అడుగుల మట్టాలకు ఊరూరా రాళ్ళు పాతించాలి. 1986, 2022 వరదలు తాకిన చోట్లనూ పెద్దలనడిగి గుర్తు పెట్టించాలి. మ్యాపును గ్రామసభలో పరచి, ఎవరి ఇల్లు గీతకు ఏవైపున ఉందో అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. లెవెల్ చూసే పరికరం, ఇద్దరు మనుషులు, కొన్ని రాళ్ళు ఉంటే జరిగే పని ఇది.

పునరావాస కాలనీల బడుల్లో పాత మ్యాపు ప్రతిని గోడకు తగిలించడం కూడా అవసరం. ఊరు నీట మునిగాక దాని పేరూ, వాగూ, బాటా పిల్లలకు చూపడానికి మిగిలేది ఆ కాగితమే. తమ ఇంటి మట్టం ఎంతో అడిగి తెలుసుకోవడం గ్రామస్థుల హక్కు. అడిగినవారికి చెప్పడం అధికారుల విధి.