సీటు రాని పిల్లకు గురువెవరు?

జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేసే వాళ్ల ఇళ్లలో ఇప్పుడొక మాట స్థిరపడిపోయింది: పిల్లకు నవోదయలోనో గురుకులంలోనో సీటు కావాలంటే ట్యూషన్ సారే దిక్కు, అసలు గురువు ఆయనే.

ఈ మాట ఊరికే పుట్టలేదు. నాన్నది నైట్ షిఫ్టు, అమ్మది పొద్దుటి షిఫ్టు అయిన ఇంట్లో నాలుగో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని భిన్నాలు చెప్పేదెవరు? సారే. ఆయనా డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ బతుకు నెట్టుకొస్తున్న మనిషే కావచ్చు. ఆయన ఫీజు మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా 'గురువు' అన్న బిరుదు మీదే.

నవోదయ ఆరో తరగతిలో సీట్లు 80. సందుకో ట్యూషన్ వెలిసినా అవి 81 కావు. సారు సీటును పుట్టించలేడు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మార్చగలడు, అంతే.

నవోదయ ప్రవేశ పరీక్షకు 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. సగం మార్కులు మేధాశక్తి ప్రశ్నలవి: వరసలో తర్వాతి బొమ్మేది, అద్దంలో ఎలా కనబడుతుంది, ఇలాంటివి. ఇంట్లో పుస్తకం లేని పల్లెపిల్ల కూడా వెనకబడొద్దనే మాటలతో పనిలేని బొమ్మలు పెట్టారు. కనీసం 75 శాతం సీట్లు పల్లెలకే ఉంచారు. ఇప్పుడు ఫీజు కట్టిన పిల్ల ఆ బొమ్మలను వందలసార్లు రుద్ది వస్తోంది. కట్టలేని పిల్ల వాటిని మొదటిసారి పరీక్ష హాల్లోనే చూస్తోంది. తెలివిని తూచాల్సిన తక్కెడ నాన్న జీతాన్ని తూస్తోంది.

ఇంకో సంగతి. ఆరో తరగతి కోసం ఈ పరీక్ష రాసే అవకాశం ఒక్కసారే. ఫలితాలొచ్చాక ట్యూషన్ గేటుకు కట్టే ఫ్లెక్సీలో సీటొచ్చిన వాళ్ల ఫొటోలే ఉంటాయి. మిగతా పిల్లలు పదేళ్లకే 'రాలేదు' అన్న మాట వీపున మోసుకుంటూ జెడ్పీ హైస్కూలు దారి పడతారు. ఆ సాయంత్రం వాళ్ల గడప తొక్కిందెవరు? ఫీజు నెల ముగిసింది, ఇక కొత్త బ్యాచి మొదలు.

మరి సీట్లు పెరిగేదెలా? బడి కడితే పెరుగుతాయి. 1971లో సర్వేలులో తొలి గురుకులం తెరిచినప్పుడు పెరిగాయి. ఇన్నాళ్లూ ఉమ్మడి మెదక్‌కు వర్గల్ నవోదయే ఉంది. 2024 డిసెంబర్‌లో కేంద్రం తెలంగాణకు ఇచ్చిన ఏడు కొత్త నవోదయల్లో సంగారెడ్డికీ ఒకటి దక్కింది. ఏ ట్యూషనూ ఇన్నేళ్లలో చేయలేని పని అది. ఉన్న సర్కారు బడిలోనే సాయంత్రం ఓ గంట ఆ బొమ్మలు అందరికీ చూపిస్తే తక్కెడ కొంతైనా సరిపడుతుంది.

అందాకా ట్యూషన్ సారును సారనే పిలుద్దాం. గురువనాలంటే మాత్రం ముందు ఫ్లెక్సీలో లేని పిల్లను అడగాలి.