ట్రంప్ టారిఫ్‌లు: దాచుకోలేని కొత్త వైన్.. చిన్న షాపులకు అసలు దెబ్బ ఇక్కడే! భీమవరం రొయ్యకూ లింకు ఏంటి?

నవంబర్ మూడో గురువారం వచ్చిందంటే వైన్ షాపులకు పండగే. ఫ్రాన్స్‌లోని బోజోలే ప్రాంతంలో అదే ఏడాది కోసిన ద్రాక్షతో చేసిన కొత్త వైన్ 'బోజోలే నూవో' ఆ రోజే ప్రపంచమంతా అమ్మకానికి వస్తుంది. 2025లో ఆ తేదీ నవంబర్ 20. పారిస్, టోక్యో, న్యూయార్క్.. ఎక్కడైనా అదే రోజు. అంతకంటే ముందు ఒక్క సీసా కూడా అమ్మకూడదు.

కానీ 2025లో అమెరికాలోని చిన్న వైన్ షాపుల్లో పండగ కంటే లెక్కల గొడవే ఎక్కువైంది. కారణం ట్రంప్ టారిఫ్‌లు. ఆ టారిఫ్‌ల మీద కోర్టుకెక్కిన వాళ్లలో ముందున్నది కూడా ఓ చిన్న వైన్ దిగుమతిదారే. ఆ కేసు 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసు ప్రభావం మన భీమవరం రొయ్యల చెరువుల దాకా ఉంది. అదెలాగో చూద్దాం.

ముందుగా.. 'ఇండిపెండెంట్ షాపు' అంటే ఏంటి?

మన దగ్గర 'వైన్స్' అని బోర్డు ఉంటుంది కానీ లోపల అమ్ముడుపోయేది ఎక్కువగా బీరు, విస్కీ, బ్రాందీ. తెలంగాణలో షాపు లాటరీలో వస్తుంది, సరుకు ప్రభుత్వ కార్పొరేషన్ డిపో నుంచి వస్తుంది. ఓనర్ కొత్తగా వెతికి తెచ్చేది పెద్దగా ఉండదు.

అమెరికాలోని ఇండిపెండెంట్ షాపు కథ వేరు. ఓనరే శాంపిళ్లు రుచి చూసి, ఏ ఊరి వైన్ పెట్టాలో తేల్చుకుంటాడు. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే ఒకరికి ఒక్క షాపు లైసెన్సే. సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకూడదు. అందుకే అక్కడ వీధి వీధికీ ఒక చిన్న షాపు, ఒక్కో షాపుకు ఒక్కో టేస్ట్. సీజన్ మారితే షెల్ఫు మారుతుంది. కస్టమర్ వచ్చేది కూడా 'ఈసారి కొత్తగా ఏం వచ్చింది?' అని అడగడానికే. ఆ 'కొత్త సరుకు' మీదే 2025లో దెబ్బ పడింది.

2025 నవంబర్ నాటికి ఏ దేశం సీసాకు ఎంత సుంకం ఉండేది?

ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ లాంటి యూరోపియన్ యూనియన్ దేశాలు: 15 శాతం.
న్యూజిలాండ్: 15 శాతం.
చిలీ, అర్జెంటీనా, ఆస్ట్రేలియా: 10 శాతం.
దక్షిణాఫ్రికా: 30 శాతం.

యూరప్ వైన్ మీద ఏప్రిల్ 5 నుంచి 10 శాతం ఉండేది, ఆగస్టు 7 నుంచి 15 అయింది. అంతకుముందు మార్చిలో ట్రంప్ ఏకంగా 200 శాతం వేస్తానని హెచ్చరించారు. ఆ మాటకే చాలామంది దిగుమతిదారులు ఆర్డర్లు ఆపేసి కూర్చున్నారు.

తమాషా ఏంటంటే.. యూరప్‌తో ఒప్పందంలో సీసా మూతకు వాడే కార్క్‌కు సెప్టెంబర్ 1 నుంచి మినహాయింపు ఇచ్చారు. సీసాలోని వైన్‌కు మాత్రం ఇవ్వలేదు. నవంబర్ 14న కాఫీ, టీ, అరటిపండ్లు, మసాలా దినుసులు, గొడ్డు మాంసానికి కూడా ఊరట దొరికింది. ఆ లిస్టులోనూ వైన్ లేదు. రొయ్యలూ లేవు.

కొత్త వైన్‌కే ఎందుకు ఎక్కువ కష్టం?

మామూలు వైన్ అయితే వ్యాపారికి ఒక దారి ఉంది. సుంకం పెరుగుతుందని తెలిస్తే ముందే కంటైనర్ తెప్పించి గోడౌన్‌లో పెట్టుకోవచ్చు. రెండేళ్లు ఆగినా కొన్ని వైన్‌లు పాడవ్వవు సరికదా, రుచి పెరుగుతుంది.

బోజోలే నూవోకు ఆ చాన్స్ లేదు. గామే అనే ద్రాక్షను ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో కోస్తారు. గెలలను చిదమకుండా అలాగే ట్యాంకుల్లో వేసి, కార్బన్ డయాక్సైడ్ మధ్య పులియబెడతారు. కొన్ని వారాల్లోనే సీసాలోకి వెళ్తుంది. తేలిగ్గా, పండ్ల రుచితో ఉంటుంది. కానీ కొన్ని నెలల్లోనే తాగేయాలి, వేసవి దాకా దాచిపెట్టే సరుకు కాదు. అంటే ఆగస్టు 7న సుంకం పెరిగే నాటికి ఈ ద్రాక్ష ఇంకా తీగల మీదే ఉంది. ముందే తెచ్చుకునే ప్రశ్నే లేదు. పైగా తేదీకి అందాలంటే చాలా సరుకు విమానంలోనే రావాలి. ఆ ఖర్చు అదనం.

న్యూజిలాండ్ సావిన్యోన్ బ్లాంక్ లాంటి వాటిదీ దాదాపు ఇదే పరిస్థితి. భూమికి దక్షిణాన ద్రాక్ష కోత ఫిబ్రవరి-ఏప్రిల్ మధ్య జరుగుతుంది. ఆ ఏడాది పంట అమెరికా చేరేసరికి ఆగస్టు, సెప్టెంబర్. సరిగ్గా కొత్త రేట్లు మొదలయ్యాకే.

డాలరున్నర.. మూడు డాలర్లు ఎలా అవుతుంది?

అమెరికాలో 1933లో మద్య నిషేధం ఎత్తేశాక మూడంచెల పద్ధతి వచ్చింది. తయారీదారు లేదా దిగుమతిదారు, ఆ తర్వాత హోల్‌సేలర్, చివరికి షాపు. షాపు ఓనర్ నేరుగా ఫ్రాన్స్ రైతు దగ్గర కొనుక్కోవడానికి వీల్లేదు. ఓడరేవులో సుంకం కట్టేది దిగుమతిదారు. కానీ ప్రతి మెట్టులోనూ లాభం శాతంలోనే లెక్కేస్తారు కాబట్టి, సుంకం మీద కూడా లాభం పడుతుంది.

అర్థం కావడానికి ఒక ఊహా లెక్క. ఫ్రాన్స్‌లో సీసా 10 డాలర్లు అనుకుందాం. దిగుమతిదారు, హోల్‌సేలర్ కలిపి 30 శాతం, షాపు 50 శాతం వేసుకుంటే కస్టమర్‌కు 19.50 డాలర్లు. అదే 15 శాతం సుంకం కలిస్తే 22.42 డాలర్లు. సర్కారుకు వెళ్లింది డాలరున్నర. కస్టమర్ జేబులోంచి పోయింది దాదాపు మూడు డాలర్లు.

దీనికి తోడు డాలర్ బలహీనపడింది. 2025 జనవరిలో ఒక యూరోకు దాదాపు 1.03 డాలర్లు సరిపోయేవి. నవంబర్‌కు 1.15 దాకా కావాల్సి వచ్చింది. అంటే సుంకం లేకపోయినా యూరప్ వైన్ పది శాతానికి పైగా ఖరీదయ్యేదే. రెండు దెబ్బలూ ఒకేసారి పడ్డాయి.

పెద్ద చైన్ స్టోర్‌కు పది వేల రకాల సరుకు ఉంటుంది. ఒకదాని మీద పోయింది ఇంకోదాని మీద రాబట్టుకుంటుంది. చిన్న షాపుకు ఆ వెసులుబాటు తక్కువ. ధర పెంచితే కస్టమర్ వెనక్కి పోతాడు. పెంచకపోతే లాభం పోతుంది. మిగిలింది మూడో దారి: కొత్త సరుకు తక్కువగా తెప్పించడం. చాలాచోట్ల కాలిఫోర్నియా, ఓరెగాన్‌లో చేసిన నూవో తరహా వైన్‌లు ఆ ఖాళీలోకి రావొచ్చు. స్థానిక రైతుకు అది మంచిదే. కానీ ప్రపంచం నలుమూలల సరుకు పెట్టడమే తన ప్రత్యేకత అనుకునే షాపుకు మాత్రం అది నష్టమే.

కోర్టుకెక్కిన వైన్ వ్యాపారి

న్యూయార్క్‌లో వీఓఎస్ సెలెక్షన్స్ అనే చిన్న కుటుంబ సంస్థ ఉంది. ఓనర్ విక్టర్ ష్వార్ట్జ్. చిన్న చిన్న ఉత్పత్తిదారుల వైన్‌లు తెచ్చి షాపులకు, రెస్టారెంట్లకు సరఫరా చేయడం వీళ్ల పని. మరో నాలుగు చిన్న సంస్థలతో కలిసి 2025 ఏప్రిల్ 14న కేసు వేశారు.

వాదన సూటిగా ఉంది. ట్రంప్ ఈ టారిఫ్‌లకు వాడింది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. ఆ చట్టంలో టారిఫ్ అనే మాటే లేదు, పన్నులు వేసే అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌ది అని వీళ్లు వాదించారు. ప్రభుత్వ వాదన వేరు. దిగుమతులను 'నియంత్రించే' అధికారం చట్టంలో ఉంది, టారిఫ్ కూడా అందులో భాగమే అంది.

మే 28న అంతర్జాతీయ వాణిజ్య కోర్టు వ్యాపారుల వైపే తీర్పిచ్చింది. ఆగస్టు 29న అప్పీల్ కోర్టు 7-4తో దాన్ని సమర్థించింది. నవంబర్ 5న సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. చిన్న వ్యాపారుల తరఫున వాదించింది భారత సంతతి లాయర్ నీల్ కత్యాల్. సంప్రదాయవాద జడ్జిలు కూడా ప్రభుత్వాన్ని గట్టిగానే ప్రశ్నించారు. 2025 నవంబర్ నాటికి తీర్పు ఇంకా రాలేదు.

మరి మన రొయ్యకు ఏంటి సంబంధం?

భారత్ సరుకు మీద 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం వేశారు. మొత్తం 50 అయింది. ఈ రెండూ అదే 1977 చట్టం కింద వేసినవే. రొయ్యల ఎగుమతిలో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశ్, మన రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికా. ఆ 50 శాతానికి ఉన్న చట్టపరమైన పునాది కూడా ఆ కేసు మీదే ఆధారపడింది. యాంటీ డంపింగ్ లాంటి పాత సుంకాలు మాత్రం ఆ కేసు పరిధిలోకి రావు, అవి వేరే చట్టం కిందివి.

అలాగని వెంటనే సంబరపడే పరిస్థితి లేదు. ట్రంప్ చేతిలో వేరే చట్టాలున్నాయి. 1974 వాణిజ్య చట్టం సెక్షన్ 122 కింద 150 రోజుల పాటు 15 శాతం దాకా వేయొచ్చు. సెక్షన్ 301, సెక్షన్ 232 కూడా ఉన్నాయి. రూటు మారుతుందే కానీ టారిఫ్ పోతుందన్న గ్యారంటీ లేదు.

ఇక రీఫండ్ సంగతి. టారిఫ్‌లు చెల్లవని కోర్టు చెప్పినా, కట్టిన డబ్బు ఎలా వెనక్కి ఇవ్వాలన్నది పెద్ద చిక్కుముడే. నవంబర్ 5న జడ్జిలు కూడా దీని మీద ప్రశ్నలు వేశారు. ఒకవేళ ఇచ్చినా, కస్టమ్స్ రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లకే వస్తుంది. అంటే దిగుమతిదారుకు. అక్కడ లాభం తగ్గించుకున్న షాపు ఓనర్‌కు, మూడు డాలర్లు ఎక్కువ కట్టిన కస్టమర్‌కు చట్టప్రకారం నేరుగా వచ్చేదేమీ లేదు. ఇక్కడ కౌంట్‌కు రేటు తగ్గించి అమ్ముకున్న రొయ్య రైతుకూ అంతే.

అందుకే తీర్పు విషయంలో 'ఎవరు గెలిచారు' అన్న దాని కంటే 'డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది' అన్నదే చూడాలి. ఆ సీజన్ నూవో తీర్పు నాటికి తాగేసి ఉంటారు. ఆ సీజన్ రొయ్య అప్పటికి అమ్మేసి ఉంటారు.