కూలిన గద్దెల నడుమ రాయబార కార్యాలయాల రక్షణ కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి, న్యూఢిల్లీ
(కొరాపుట్ జిల్లా కలెక్టర్ గారి ద్వారా)

విషయం: ప్రభుత్వాలు కూలినప్పుడు విదేశీ దౌత్య కార్యాలయాలపై జరిగే దాడులు, వాటివల్ల ప్రవాస కార్మికులకు కలిగే నష్టం గురించి.

అయ్యా,

ఏలినవాడు పారిపోయిన రోజున జనం ముందు అతని భవనం మీద పడతారు. ఆ తర్వాత, అతనికి అండగా నిలిచిందని పేరుపడ్డ దేశపు కార్యాలయం మీద పడతారు. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకా విడిచిన రోజునే ధన్‌మండీలోని మన ఇందిరాగాంధీ సాంస్కృతిక కేంద్రం ధ్వంసమైంది. అదే ఏడాది డిసెంబరు 8న సిరియా అధ్యక్షుడు అసద్ డమాస్కస్ వదలగానే అక్కడి ఇరాన్ రాయబార కార్యాలయంలోకి జనం చొరబడ్డారు. ఇవి పెద్దవాళ్ల వ్యవహారాలనీ, బొయిపరిగుడ వంటి కొండ ఊరికి వీటితో పనేమిటనీ అడిగేవారుంటారు. కానీ మా పొరుగు మల్కన్‌గిరిలో దండకారణ్య ప్రాజెక్టు కింద స్థిరపడ్డ తూర్పు బెంగాల్ కుటుంబాల పూర్వీకుల ఊళ్లు బంగ్లాదేశ్‌లోనే ఉన్నాయి. ఇక మా తెలుగువారిలో ఉద్దానం, కడప, గోదావరి జిల్లాలు, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని గల్ఫ్‌కూ ఇతర దేశాలకూ వెళ్లినవాళ్లకు లెక్కే లేదు.

ధనవంతుడికి పరాయి దేశంలో వకీలు దొరుకుతాడు, విమానం టికెట్టు దొరుకుతుంది. యజమాని బీరువాలో పాస్‌పోర్టు ఉండిపోయిన మేస్త్రీకి మాత్రం రాయబార కార్యాలయం కిటికీ ఒక్కటే దిక్కు. ఇంటికి తిరిగి రావడానికి ఫొటో అంటించి, ముద్ర వేసి ఇచ్చే ఔట్‌పాసు అక్కడే పుట్టాలి. పనిలో చనిపోయినవాడి పాస్‌పోర్టు రద్దుచేసి, శవాన్ని ఊరికి పంపడానికి అభ్యంతరం లేదని రాసివ్వాల్సిందీ ఆ కార్యాలయమే. దానికి నిప్పు పెట్టినవాడు ఏ దేశపు విధానం మీద కోపంతో పెట్టినా, మొదట కాలేది ఇలాంటివాడి కాగితాలే.

1961 నాటి వియన్నా ఒడంబడిక 22వ అధికరణం దౌత్య కార్యాలయాన్ని కాపాడే ప్రత్యేక బాధ్యతను ఆతిథ్య దేశం మీద పెట్టింది. మన పార్లమెంటు 1972లో దీనికోసం చట్టమే చేసింది. అయితే ఆ బాధ్యత మోయడానికి ప్రభుత్వమంటూ ఒకటి ఉండాలి కదా. ఢాకాలో ఆగస్టు 5న పాత ప్రభుత్వం పోయింది, 8న గానీ కొత్తది ప్రమాణం చేయలేదు. నడుమ పోలీసులే స్టేషన్లు వదిలి వెళ్లిపోయారు. మా ఫిర్యాదంతా ఆ నడిమి రోజుల గురించే. అలాంటి రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేరన్న వాదన నిలవదు. 1979 ఫిబ్రవరి 14న, ఇరాన్‌లో షా ప్రభుత్వం కూలిన మూడో రోజున, టెహరాన్‌లో అమెరికా కార్యాలయాన్ని ఆక్రమించినవారిని తాత్కాలిక ప్రభుత్వమే కొన్ని గంటల్లో ఖాళీ చేయించింది. నవంబరు 4న మళ్లీ ఆక్రమించినప్పుడు అదే పని చేయలేదు, 52 మంది 444 రోజులు బందీలుగా మిగిలారు. 1980 మే 24 నాటి తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ తేడాను గుర్తించింది. రాయబారుల తీరు నచ్చకపోతే వారిని వెళ్లగొట్టవచ్చు, సంబంధాలు తెంచుకోవచ్చు, చట్టం ఇచ్చిన మార్గాలు అవేనని చెప్పింది.

ప్రజల తిరుగుబాటును తప్పుపడుతున్నారా అని మమ్మల్ని అడిగితే, కాదనే మా జవాబు. మా బొయిపరిగుడ బ్లాకులోని తెంతులిగుమ్మ స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ్ నాయక్ పుట్టిన ఊరు. 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీసు స్టేషన్‌కు ఊరేగింపు నడిపినందుకు, హత్యానేరం మోపి 1943 మార్చి 29న బరంపురం జైలులో ఆయన్ని ఉరితీశారు. ఆ నేల మీద బతుకుతున్నవాళ్లం, తిరగబడే హక్కును తక్కువ చేయలేం. కానీ మత్తిలి స్టేషను పరాయి పాలకుడి సొంత అధికారానికి గుర్తు. రాయబార కార్యాలయం అక్కడి పాలకుడిది కాదు. 2011 మే 1న లిబియా రాజధాని ట్రిపోలీలో బ్రిటన్, ఇటలీ కార్యాలయాలను తగలబెట్టింది ఆ దేశ పాలకుడు గడాఫీ మద్దతుదారులు. ఆగస్టులో తిరుగుబాటుదారులు నగరంలోకి వచ్చినప్పుడు దోపిడీకి గురైంది గడాఫీకి మిత్రదేశమైన వెనెజువెలా రాయబారి నివాసం. మొదటిదాన్ని దౌర్జన్యమనీ, రెండోదాన్ని విప్లవమనీ పిలిస్తే నియమమే మిగలదు.

ప్రభుత్వం ఎలాగూ మనవాళ్లను వెనక్కి తెస్తోందిగా అంటారు. నిజమే, తెచ్చింది. 2011లో లిబియా నుంచి దాదాపు 15,000 మందిని ఓడల్లో, విమానాల్లో తరలించింది, దానికి మేం కృతజ్ఞులం. కానీ ఆ తరలింపు ఫిబ్రవరి చివర మొదలై మార్చిలో ముగిసింది. ట్రిపోలీలో కార్యాలయాలు కాలింది మేలో. ఈ వరస తిరగబడి ఉంటే ఎవరు ఎక్కడున్నారో చెప్పే జాబితా ఎవరి దగ్గర ఉండేది?

కాబట్టి మా విన్నపం ఇది. అస్థిర దేశాల్లోని మన కార్మికుల జాబితాల నకళ్లు ఢిల్లీలోనూ, పొరుగు దేశంలోని మన కార్యాలయంలోనూ ఎప్పటికప్పుడు ఉంచాలి. మనవాళ్ల బాధ్యతను మరో దేశానికి అప్పగించేందుకు వియన్నా ఒడంబడిక 45వ అధికరణం వీలిస్తోంది, అయితే ఆ మూడో దేశాన్ని ఆతిథ్య దేశం ఒప్పుకోవాలి. ఒప్పుకునే ప్రభుత్వం కూలకముందే ఈ ఏర్పాటు కుదుర్చుకోవాలి. దాడి మిత్రుడిమీద జరిగినా, కానివాడిమీద జరిగినా మన ఖండన అదే రోజు, ఒకే మాటల్లో రావాలి. ఢాకా సాంస్కృతిక కేంద్రానికి జరిగిన నష్టానికి పరిహారం అడగాలి. ఆపదలో పిలవాల్సిన నంబర్లను ఒడియా, తెలుగు భాషల్లో రాయించి కొరాపుట్, రాయగడ జిల్లాల్లోని ప్రతి బ్లాకు ఆఫీసు గోడ మీదా పెట్టించాలి.

ఇట్లు,
బొయిపరిగుడ తెలుగు కుటుంబాలు