పన్ను పుచ్చాక కాదు, పుచ్చకముందే: మన హాస్టళ్లకు సీలెంట్లు ఎందుకు రావాలి?

మన పిల్లల ఆరోగ్యం గురించి పోరాడేటప్పుడు రక్తహీనత గురించి అడుగుతాం, హాస్టల్ భోజనం గురించి అడుగుతాం, జ్వరాలొస్తే ధర్నా చేస్తాం. నోటి ఆరోగ్యం మాత్రం మన డిమాండ్ల పత్రంలో ఎక్కడా కనిపించదు. పన్ను నొప్పి ప్రాణం తీయదు కదా అనే ధోరణి మనలోనూ ఉంది. కానీ 2002-03లో భారత దంత మండలి చేసిన జాతీయ సర్వే ప్రకారం 12 ఏళ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి పుచ్చు పళ్లున్నాయి. పదిహేనేళ్లకు అది 63.1 శాతం. సగానికి పైగా పిల్లలకు ఉన్న జబ్బును చిన్న విషయం అనుకోవడానికి వీల్లేదు. పైగా దాన్ని చాలావరకు ఆపగలిగే మార్గం దశాబ్దాలుగా ఉంది. దాని పేరు డెంటల్ సీలెంట్.

శుభ్రత లోపం కాదు, పన్ను నిర్మాణం

దవడ పళ్ల పైభాగం నున్నగా ఉండదు. నమలడానికి వీలుగా దాని మీద గుంటలు, సన్నని గాడులు ఉంటాయి. వీటిలో కొన్ని బ్రష్ వెంట్రుక కంటే కూడా సన్నం. అందులో ఇరుక్కున్న బిస్కెట్ పిండి, చక్కెర వేపపుల్లకూ అందదు, ఖరీదైన బ్రష్‌కూ అందదు. అక్కడ చేరిన బాక్టీరియా ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి పైపొర ఎనామెల్‌ను కరిగిస్తుంది. పిల్లల శాశ్వత పళ్లలో వచ్చే పుచ్చుల్లో పదింట తొమ్మిది వెనక పళ్లలోనే వస్తాయని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ చెబుతోంది.

ఈ విషయాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి. ఎందుకంటే మన పిల్లల పళ్లు పుచ్చినప్పుడు వినిపించే మొదటి మాట 'శుభ్రత లేదు' అన్నదే. ఆరోగ్య శిబిరం అంటే బ్రష్ ఎలా పట్టుకోవాలో ఉపన్యాసం ఇచ్చి, ఒక పేస్టు ట్యూబు చేతిలో పెట్టి, ఫొటో దిగి వెళ్లిపోవడం అయింది. తరతరాలుగా 'అశుభ్రం' అన్న ముద్ర మోసిన సమాజానికి ఈ ఉపన్యాసం కొత్తది కాదు. రోజూ రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం అవసరమే, అందులో తేడా లేదు. అయితే బ్రష్ దూరని గాడిలో వచ్చిన పుచ్చుకు పిల్లను తప్పుపట్టడం వైద్యం కాదు.

ఎలా పనిచేస్తుంది?

1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైఖేల్ బ్యూనోకోర్ అనే దంత పరిశోధకుడు ఎనామెల్ మీద ఆమ్లం పూసి గరుకు చేస్తే ప్లాస్టిక్ లాంటి పదార్థం దానికి గట్టిగా అంటుకుంటుందని చూపించాడు. సీలెంట్‌కు పునాది అదే. పన్నును శుభ్రం చేసి, కొన్ని సెకన్లపాటు ఆమ్లం జెల్ పూసి, కడిగి ఆరబెట్టి, ద్రవరూపంలోని రెసిన్‌ను గాడుల్లోకి పారిస్తారు. నీలి కాంతి పెడితే అది గట్టిపడుతుంది. డ్రిల్లింగ్ లేదు, మత్తు సూది లేదు, నొప్పి లేదు. ఒక్కో పంటికి కొద్ది నిమిషాలు చాలు.

రెసిన్ అంటుకోవాలంటే పన్ను పొడిగా ఉండాలి. ఉమ్మి ఆపడం కష్టమైన చోట గ్లాస్ అయానమర్ సిమెంట్ వాడొచ్చు. రెసిన్ అంత కాలం నిలవకపోయినా అది తడిని కొంత తట్టుకుంటుంది. దానిలో కొన్ని రకాలకు దీపమూ కరెంటూ కూడా అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ సిమెంట్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే ఇది అందం కోసం చేసే చికిత్స కాదు, ప్రజారోగ్య వ్యవస్థలో ఉండాల్సిన సరుకు.

ఫలితం ఎంత? సీడీసీ లెక్క ప్రకారం సీలెంట్ వేసిన పళ్లలో మొదటి రెండేళ్లు 80 శాతం పుచ్చులు ఆగుతాయి, నాలుగేళ్ల దాకా 50 శాతం ఆగుతాయి. 6 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో సీలెంట్ లేనివారికి మొదటి దవడ పళ్లలో పుచ్చులు దాదాపు మూడు రెట్లు ఎక్కువ. పరిమితులూ ఉన్నాయి. పంటికీ పంటికీ మధ్య వచ్చే పుచ్చును ఇది ఆపదు. అరిగిపోవచ్చు, ఊడిపోవచ్చు, కాబట్టి మళ్లీ చూడాలి. గుంట పడిపోయిన పంటికి ఇది పరిష్కారం కాదు, దానికి వేరే చికిత్స కావాలి.

ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల మిత్రులకు అనుమానం రావడం సహజం. సీలెంట్ నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం లాంటిది కాదు. పంటి మీద వేసే పూత మాత్రమే. ఫ్లోరోసిస్ తీవ్రంగా ఉన్న పళ్లకు పూత సరిగా పట్టకపోవచ్చు కాబట్టి, అక్కడ ముందు డాక్టర్ చూసి నిర్ణయించాలి.

ఉమ్మి, ఎంగిలి, కులం

నోటికీ కులానికీ ఉన్న సంబంధం పాతది. పీష్వాల కాలంలో పూణేలో అంటరానివారు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో మట్టి కుండ కట్టుకోవాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన'లో రాశారు. ఎంగిలి మన సమాజంలో ఇప్పటికీ మైలే. దంతవైద్యం అంటే మరొకరి నోట్లో వేలు పెట్టి, ఉమ్మి తుడిచి చేసే పని. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు వైద్యం అందే తీరుపై సంఘమిత్ర ఆచార్య 2010లో వెలువరించిన అధ్యయనంలో, వివక్ష బలంగా బయటపడింది స్పర్శ దగ్గరే. నాడి పట్టుకోవడానికే వెనకాడే చోట నోరు తెరిచి చూసేదెవరు?

దీనికి కూలి లెక్క తోడవుతుంది. నొప్పి లేని పంటి కోసం తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి పట్నం వెళ్లదు. నొప్పి భరించలేని స్థితి వచ్చాక వెళ్తే రూట్ కెనాల్, క్యాప్ కలిపి వేలల్లో చెబుతారు. చివరికి మిగిలేది పన్ను పీకించుకోవడమే. కలిగిన ఇంటి పిల్లకు పూత, మన పిల్లకు పట్టకారు. అమెరికాలోనూ పేద కుటుంబాల పిల్లలకు సీలెంట్ అందే అవకాశం మిగతావారికంటే 20 శాతం తక్కువని సీడీసీ 2016లో చెప్పింది. అవసరం ఎక్కువున్న చోటికే వైద్యం తక్కువ వెళ్తోంది.

వైద్యమే బడికి రావాలి

ఈ తేడాను తగ్గించే దారి పిల్లలను క్లినిక్‌కు పిలవడం కాదు, క్లినిక్‌నే బడికి తేవడం. అమెరికాలో పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులను ఎంచుకుని, మడిచే కుర్చీ, చిన్న యంత్రాలతో హైజీనిస్టులు వెళ్లి సీలెంట్లు వేస్తున్నారు. న్యూజీలాండ్ 1921లోనే మహిళలకు శిక్షణ ఇచ్చి బడి దంత నర్సులుగా పంపడం మొదలుపెట్టింది. మన దేశంలో డెంటల్ హైజీనిస్టులను 1948 దంతవైద్యుల చట్టమే గుర్తించింది. వాళ్లను ప్రజారోగ్యంలో వాడుకోవాలన్న ఆలోచనే లేదు.

మన దగ్గర ఉన్నది 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే. ఏడాదికోసారి ప్రభుత్వ బడికి వచ్చే ఈ బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం ఉండాలి. పంటి జబ్బులు దాని జాబితాలో ఉన్నాయి, దంతవైద్యులు మాత్రం బృందంలో లేరు. అది పుచ్చిన పన్నును చూసి రిఫరల్ చీటీ రాస్తుంది. చీటీ పట్టుకుని పిల్లను తీసుకెళ్లేది ఎవరన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

సీలెంట్ వేయడానికి సరైన సమయం పన్ను వచ్చిన కొత్తలో. మొదటి దవడ పళ్లు ఆరేళ్లకు, రెండోవి పన్నెండేళ్లకు వస్తాయి. ఇప్పుడు మన గురుకులాలను చూడండి. పిల్లలు ఐదో తరగతిలో చేరి ఇంటర్ దాకా అక్కడే ఉంటారు. రెండో దవడ పళ్లు వచ్చేది గురుకులంలోనే. ఏడాదికోసారి పూత సరిచూడటానికి పిల్లలను వెతకాల్సిన పనీ లేదు. ఇంతకంటే అనువైన చోటు ఎక్కడుంది?

కాబట్టి అడగాల్సినవి ఇవి. ఒకటి, ఒకటి, రెండు తరగతుల్లో ప్రభుత్వ బడుల పిల్లలకు, ఆరు, ఏడు తరగతుల్లో హాస్టళ్లు, గురుకులాల పిల్లలకు ఉచితంగా సీలెంట్లు వేయాలి. రెండు, దానికి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక నిధి నుంచి డబ్బు కేటాయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నవి ఇలాంటి పనులకే, రోడ్లకూ భవనాలకూ మళ్లించడానికి కాదు. మూడు, ప్రతి డెంటల్ కాలేజీకీ చుట్టుపక్కల హాస్టళ్ల బాధ్యత అప్పగించి, హౌస్ సర్జన్లను అక్కడికి పంపాలి. నాలుగు, ఎన్ని పళ్లకు వేశారు, ఏడాది తర్వాత ఎన్ని నిలిచాయి అన్న లెక్క బయటపెట్టాలి. శిబిరాల సంఖ్య చెబితే సరిపోదు.

విద్యార్థి సంఘాలు ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు. మీ జిల్లాలో గత ఏడాది ఆర్‌బీఎస్‌కే ఎంతమంది హాస్టల్ పిల్లలకు పంటి జబ్బు గుర్తించింది, వారిలో ఎంతమందికి చికిత్స అందింది, ఎన్ని పళ్లు పీకారు, ఎన్ని సీలెంట్లు వేశారు అని సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు వేయండి. బీడీఎస్ చదువుతున్న మన పిల్లలను వెంట తీసుకెళ్లి హాస్టల్లో పళ్లు చూడండి. సంక్షేమ హాస్టల్ డిమాండ్ల పత్రంలో మెనూ, దుప్పట్లు, బాత్రూముల పక్కన పళ్లను కూడా చేర్చండి. పన్నెండేళ్లకు వచ్చిన పన్ను అరవై ఏళ్లు నమలాలి. దాన్ని పదిహేనేళ్లకే పీకించుకోవాల్సి రావడం మన పిల్లల తలరాత కాదు. ప్రభుత్వం చేయని పని.