హాస్టల్లో నీళ్ళొస్తాయా బాబూ?

ఈఏపీసెట్ ఫలితాలు రాకముందే ప్రైవేటు యూనివర్సిటీల నుంచి ఇంటర్ పిల్లల ఇళ్ళకు ఫోన్లు మొదలవుతాయి. (నంబర్లు ఎక్కడివని మాత్రం అడక్కూడదు.) అవతల మాట్లాడేది చాలాసార్లు అక్కడ చదువుకుంటున్న పిల్లలే. పేరుకు మార్కెటింగ్ ఇంటర్న్. మా అక్క కొడుకు నిరుడు ఆ కుర్చీలో నెలన్నర కూచున్నాడు.

వాడికి ఒరిగింది తక్కువేం కాదు. చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రానివాడు రోజుకు యాభై అరవైమందితో మాట్లాడాడు. శ్రీకాకుళం తండ్రితో ఒకలా, కూకట్‌పల్లి తల్లితో ఇంకోలా మాట్లాడాలని ఏ సిలబస్‌లో ఉంది? ఆంధ్రాలో 2020-21 నుంచి డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అలాంటప్పుడు క్లాసవగానే మెట్లు దిగితే దొరికే పని, అదీ నిజంగా చేయించుకునే పని, చేదేం కాదు.

చిక్కంతా వేరేచోట ఉంది. ఏజెన్సీకిచ్చే డబ్బు లేక కుర్రాణ్ణి కూచోబెట్టలేదు యూనివర్సిటీ వాళ్ళు. ‘నేనూ ఇక్కడే చదువుతున్నానండీ’ అన్న మాట చేసే పని హోర్డింగు చెయ్యలేదు. హోర్డింగు మీద ఉండేది అందరికన్నా పెద్ద ప్యాకేజీ. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు పంపే వివరాల్లో మాత్రం మీడియన్ జీతం, అంటే అందరివీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యన నిలిచే అంకె, చూపాలి. పోస్టర్ మీద ఏది వెయ్యాలో తేల్చేది ఇంటర్న్ కాదు. ఫోన్లో దాన్ని నమ్మించాల్సింది మాత్రం వాడే.

ఒకాయన అడిగాడట: ‘ప్యాకేజీల సంగతి పేపర్లో చూశాంలే బాబూ. ఎండాకాలం హాస్టల్లో నీళ్ళొస్తాయా?’ ఆ వారమంతా వీళ్ళ బ్లాకుకు ట్యాంకరే గతి. ‘ఇబ్బందేం లేదండీ’ అన్నాడు మావాడు. రాత్రి నాకు ఫోన్ చేసి, ‘అబద్ధం కాదు మామయ్యా, ట్యాంకరు రోజూ వచ్చింది’ అన్నాడు. నేనడక్కుండానే.

లాభం పుచ్చుకుని ప్రచారం చేసేవాళ్ళు ఆ సంగతి దాచకూడదని కేంద్రం 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇలాంటి ఇంటర్న్‌లు చేసే ‘మా క్యాంపస్‌లో ఒకరోజు’ రీళ్ళు నేనూ బోలెడు చూశాను. స్టైపెండ్ ఊసు ఒక్కదాంట్లోనూ లేదు.

అయినా వద్దనను. నెలకింతని స్టైపెండ్ ఇచ్చేచోట చేరమనే చెబుతాను. సీటుకింత అని కమీషన్ ఇచ్చేచోటికి మాత్రం పోవద్దంటాను. నెల జీతం మీద ఉన్నవాడు ట్యాంకరు సంగతి నోరు జారి చెప్పినా వాడి జేబుకు నష్టం లేదు. కమీషన్ మీద ఉన్నవాడికి ఆ నిజం ఖరీదు రూపాయల్లో తెలుస్తుంది.

మావాణ్ణి ఈ ఏడూ పిలిచారు. ఫోన్లు నావల్ల కాదు, వీడియోలైతే చేస్తానన్నాడు. సరేనన్నారట. మొదటి వీడియో హాస్టల్ మీద.