విడిపోయిన చిట్టి

2010 అక్టోబరులో ‘ఎందిరన్’ చిత్రమును పుదుచ్చేరి పట్టణమున కుటుంబ సమేతముగా, తమిళములోనే చూచితిమి. యానాములోని మా బంధువులు దానినే ‘రోబో’ అను పేర తెలుగులో చూచిరి. శంకర్ దర్శకత్వము, రజనీకాంత్ ద్విపాత్రాభినయము పాఠకులకు క్రొత్త కాదు. అయితే సంభాషణలు వ్రాసినవారిలో ఒకరైన సుజాత మనవలెనే ప్రభుత్వరంగ సంస్థలో పనిచేసినవారని ఎందరెరుగుదురు? సుజాత స్త్రీ కాదు. భార్య పేరుతో వ్రాసిన ఎస్. రంగరాజన్. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్ర నిర్మాణమును పర్యవేక్షించిరి. నొక్కిన మీటను నమోదు చేయుట, అడిగినపుడు లెక్క చెప్పుట తప్ప ఆ యంత్రము వేరొకటి తలపరాదు. ఆయన కలము పట్టిన కథలో చిట్టి తలచినది, ప్రేమించినది. 2008 ఫిబ్రవరిలో మరణించిన ఆయన ఈ చిత్రమును చూడలేదు.

పోరాటముల సందడి మాకంతగా రుచింపలేదు. న్యాయస్థానపు ఆజ్ఞపై చిట్టి తన అవయవములను తానే విప్పుకొను ఘట్టమున మాత్రము హాలంతయు నిశ్శబ్దమయ్యెను. “ఎర్ర చిప్ పెట్టినది బోరా కదా నాన్నా, చిట్టిని ఎందుకు విప్పించారు?” అని మా అమ్మాయి అడిగినది. బోరా అప్పటికే చిట్టి చేతిలో మరణించెనని చెప్పితిమి. ఆమెకది సమాధానముగా తోచలేదు.

మాకు మాత్రము మా వర్క్‌షాపు పాత లేత్ జ్ఞప్తికి వచ్చినది. తుక్కు క్రింద వేలము వేసిన నాడు, దానిపై ఇరువదేండ్లు పనిచేసిన కార్మికుడు లారీ కదలువరకు దానిమీద చేయి తీయలేదు.